వించెస్టర్ చూసొద్దాం రండి!

మా అమ్మాయి సౌతాంప్టన్‌లో చదువుకుంది. పట్టా పుచ్చుకునే రోజుకి నన్నూ వాళ్ళ నాన్ననీ రమ్మంది. ఇంగ్లండంటే నాకు తెలిసింది లండనొక్కటే. "లండన్ అందరూ చూస్తారమ్మా, నీకు వించెస్టర్ చూపిస్తాను పద" అని రైలెక్కించింది. సౌతాంప్టన్ నుంచి ఇరవై నిమిషాల ప్రయాణం. లండన్ వాటర్లూ స్టేషన్ నుంచైతే గంట పడుతుంది.

ఒకప్పుడు ఆల్ఫ్రెడ్ రాజు ఏలిన ఊరట ఇది. ఊరు చిన్నదే, అంతా నడిచి చూసెయ్యొచ్చు. ఊరికంతా పెద్దదిక్కు ఇక్కడి కెథడ్రల్. అంటే బిషప్పు గారి పీఠం ఉండే చర్చి అన్నమాట. 1079లో కట్టడం మొదలుపెట్టారు. పొడవు సుమారు 170 మీటర్లు! బయట గోపురం పొట్టిగా ఉంటే "ఇంతేనా?" అనుకున్నాను. లోపలికి వెళ్ళి తలెత్తితే మెడ నొప్పి పుట్టింది. ఎత్తంతా లోపలే దాచుకున్నారండీ.

ఇంత పెద్ద కట్టడం కింద నేలేమో మెత్తన, తవ్వితే నీళ్ళు. వందేళ్ళ కిందట గోడలు కుంగి బీటలు వారాయట. అప్పుడు విలియం వాకర్ అనే డైవర్ 1906 నుంచి 1911 వరకు ఆ చీకటి నీళ్ళలో మునిగి, చేత్తో తడుముకుంటూ పునాది కింద కాంక్రీటు పేర్చాడు. ఆయన చలవ వల్లే ఇవాళ మనం చూస్తున్నాం.

ఎడమవైపు నడవలో నేల మీద ఒక నల్లరాయి దగ్గర మా అమ్మాయి ఆగింది. అది జేన్ ఆస్టిన్ సమాధి. మీరు 'ప్రియురాలు పిలిచింది' సినిమా చూశారుగా? ఆ కథకి మూలం ఈవిడ 1811లో అచ్చువేయించిన నవలే. జబ్బు చేస్తే వైద్యం కోసం ఈ ఊరు వచ్చి, 1817 జూలై 18న కన్నుమూసింది. నలభై ఒక్కేళ్ళే! నాకన్నా చిన్నది.

రాతి మీద ఏముందో అమ్మాయి చదివి చెప్పింది. మంచి మనసు, తియ్యని స్వభావం, గొప్ప బుద్ధి అని రాశారు. నవలలు రాసిందన్న మాట మాత్రం ఒక్కటీ లేదు! బతికుండగా అచ్చయిన నాలుగు నవలల మీదా ఆవిడ పేరు లేదట. రచయిత్రి అని చెప్పే ఇత్తడి ఫలకం 1872లో గానీ గోడకి ఎక్కలేదు.

తర్వాత కాలేజ్ స్ట్రీట్‌లో ఆవిడ పోయిన ఇల్లు చూశాం. ఆ రోజుల్లో అక్కడా ఆడవాళ్ళు అంత్యక్రియలకి వెళ్ళే ఆచారం తక్కువ. దగ్గరుండి సేవ చేసిన అక్క కసాండ్రా, ఆ శవయాత్ర వీధి మలుపు తిరిగేదాకా ఇంట్లోంచే చూసిందట.

అది విన్నాక నా కాళ్ళు కదల్లేదు. మా అమ్మ పోయినప్పుడు మా అక్కా నేనూ వీధరుగు మీద నిలబడి, రామాలయం సందు మలుపు దాకా అలాగే చూశాం. ఆ దేశం ఏమిటి, మన ఊరేమిటి!

టీ తాగి డబ్బులివ్వబోతే అమ్మాయి పది పౌన్ల నోటు తిప్పి చూపించింది. దాని మీద జేన్ ఆస్టిన్ బొమ్మ! 2017లో వేశారట.

మీరు వెళితే జూలైలోనైనా శాలువా మర్చిపోకండి. కెథడ్రల్‌కి టిక్కెట్టుంది. ఆదివారం ప్రార్థనలుంటాయి, వేరే రోజు పెట్టుకోండి. పులిహోర కట్టుకెళితే బయట పచ్చిక మీద కూర్చుని హాయిగా తినొచ్చు.

ఇంటికొచ్చాక చేసిన మొదటి పని చెప్పనా? మా అమ్మ చెప్పిన ఆవకాయ కొలతలు, పిండివంటలు రాసుకున్న నోటుపుస్తకం ఒకటుంది మా ఇంట్లో. చుట్టాలంతా దాన్ని చూసే చేస్తారు. అట్ట మీద 'వంటలు' అని మాత్రమే ఉండేది. దాని కింద మా అమ్మ పేరు రాశాను.