ప్రయాణములును వినోదములును

ఇల్లు విడిచి పోవువారు రెండు విధములవారు. తమ యిష్టముచేత పోవువారు కొందఱు. పరుల మాట నమ్మి పోవువారు కొందఱు. ఇరువురును ఒకే బండి యెక్కుదురు, ఒకే కిటికీ గుండ ఒకే చెట్లను చూతురు. వారి భేదము దిగిన తరువాత గాని తెలియదు. మలయా తోటలలో స్థిరపడిన తెలుగు కుటుంబముల చరిత్ర చాలవఱకు ఈ రెండు ప్రయాణముల నడుమనే జరిగినది. తాతల నోట వినిన సంగతులును, దినదినము కంటికి కనబడు సంగతులును కలిపి చూచినచో ఈ మాట నిజమని చదువరులకే తోచును.

పూర్వులు విశాఖపట్టణము, గోదావరి మండలములనుండి మూటలు గట్టుకొని మద్రాసునకు వచ్చిరి. ఆవడి డిపోలో కొన్ని దినములుండి పిదప పొగయోడ నెక్కిరి. ఆ యోడలలో మిక్కిలి పేరుగాంచినది రజులా. అది 1926లో కట్టబడి, మద్రాసు, నాగపట్టణము, పెనాంగు, సింగపూరు రేవుల నడుమ నలువదియేండ్లకు పైగా తిరిగినది. కూలిజనులకు గదులు లేవు. ఓడ పైతట్టే వారికి ఇల్లు. చాప పఱచిన మేరయే వారి వాకిలి. తల్లి చాప యొక కొనను పండుకొని, బిడ్డను నడుమ పరుండబెట్టి, మూటను తలక్రింద నుంచుకొనెడిది. ఇంచుమించు వారము దినములు నీరే గాని నేల కనబడదు. పెనాంగు చేరువనున్న జెరెజాక్ దీవిలో అంటురోగముల పరీక్షకై దింపి, అక్కడ కొన్నాళ్లు నిలిపి, ఆమీదట తోటలకు పంపుచుండిరి. కంగాణి ఊరిలో చెప్పిన మాట యొకటి, తోటలో కనబడిన బ్రతుకు మఱియొకటి. 1938లో భారత ప్రభుత్వము ఈ కూలి వలసను నిలిపివేసినది. అప్పటికే వచ్చియున్నవారికి తోటయే ఊరాయెను.

అంత సముద్రము దాటి వచ్చినవారి దినచర్య మాత్రము లైను ఇంటినుండి చెట్ల వరుస వఱకు మాత్రమే సాగెడిది. తెల్లవారకమునుపే లేచి, హాజరు పిలుపునకు నిలిచి, దీపపు వెలుతురున రబ్బరు చెట్లకు గాటుపెట్టి, పాలు సేకరించి తూకమునకు మోసికొనిపోవలెను. క్రింది పేరాక్‌లోని బగాన్ దాతో ప్రాంతమున కొబ్బరితోటలు విస్తారము. అక్కడ తెలుగువారును విస్తారముగా నుండిరి. వారి పని కాయలు కోయుట, ఒలుచుట, ఎండబెట్టుట. ఏడాదికి ఎన్ని వేల అడుగులు నడచినను ఆ నడక తోట సరిహద్దు దాటదు. కావుననే జీతపు దినము తరువాతి ఆదివారమున పట్నమునకు పోవుట వారికి గొప్ప యాత్రవలె నుండెను. ఉతికిన చొక్కా, నూనె రాసిన తల, పిల్లవాని చేతిలో ఒక్క నాణెము: ఇంతకంటె వారికి వేఱు వైభవము లేదు.

ఆ ప్రాంతపువారు పోవు పట్నము తెలుక్ ఆన్సన్. 1982లో దానికి తెలుక్ ఇంతాన్ అని పేరు మార్చిరి. అక్కడ 1885లో కట్టిన ఒంటి గోపురము నేటికిని ప్రక్కకు ఒరిగి నిలిచియున్నది. పట్నమునకు నీరు నిలువచేయుటకై దానిని కట్టిరి. గడియారమును దానియందే అమర్చిరి. మెత్తని నేల బరువు మోయలేక అది వాలినది. పడిపోవునేమో యని పిల్లలు దూరముగా నిలువబడుదురు. పెద్దలు నవ్వి చేయి పట్టి లాగుదురు. దాని చుట్టు ఒకసారి తిరిగి, ఒక మంచుపానీయము త్రాగి, ఎండుచేపలు కొని, తిరిగి వచ్చుటయే ఆ దినపు వినోదము. ఖర్చు స్వల్పము, చెప్పుకొనుటకు మాత్రము నెలదినములకు చాలును.

రైలుబండియు అట్టి వింతయే. మలయాలో మొదటి రైలు 1885లో తైపింగునుండి పోర్ట్ వెల్డు రేవునకు నడచినది. దాని పొడవు పదమూడు కిలోమీటర్లు మాత్రమే. తగరము మోయుటకే అది పుట్టినది. తరువాత రబ్బరును మోసినది, ఆ పిదప మనుష్యులను మోసినది. 2015నుండి విద్యుత్తు రైళ్లు ఉత్తరపు సరిహద్దగు పాదాంగ్ బెసార్ వఱకు పోవుచున్నవి. తాత దినమంతయు పొగ మింగుచు చేసిన ప్రయాణమును మనుమడు చల్లని పెట్టెలో కూర్చుండి కొలది గంటలలో ముగించును. అయితే తాత కిటికీ గుండ చూచిన నదులను మనుమడు చూడడు. అతని చూపు చేతిలోని ఫోనుమీద నుండును. ఇది నిందింపదగిన విషయము కాదు. ఒక మార్పు మాత్రమే.

వినోదములును అట్లే మారినవి. మొదటి కాలమున తోటజనులు తమ వేడుకలను తామే చేసికొనిరి. కోలాటము, వీధినాటకము, చెక్కలు పట్టి పాడుట, రాత్రి కథలు చెప్పుకొనుట, ఇవన్నియు కాసు ఖర్చులేనివి. 1932లో భక్త ప్రహ్లాద అను మొదటి తెలుగు మాటల చిత్రము వెలువడినది. యుద్ధానంతరము ప్రభుత్వపు చలనచిత్రపు బండ్లు తోటలకు వచ్చుచుండెను. మైదానమున రెండు కఱ్ఱల నడుమ తెల్లగుడ్డ కట్టుదురు. జనులు చాపలు తెచ్చికొని కూర్చుందురు. కల్లుపాక వినోదము వేఱు. అక్కడ నవ్వు పురుషునిది, దాని ఖరీదు ఇంటిదానిది. మఱియొక మాట: ఆదివారము పురుషునకు విశ్రాంతి దినము, స్త్రీకి మాత్రము గుడ్డలుతుకు దినము. తెల్లగుడ్డ మీద బొమ్మలాడుచుండగా తల్లి యొడిలో నిద్రపోవు బిడ్డను చూచుకొనుచు సగము కథయే చూచెను. వేడుక యందఱికి సమముగా పంచబడుచున్నదా లేదా యని ప్రతి యింట విచారింపదగును.

ప్రయాణమును వినోదమును ఒక్కటై మోసము చేసిన కాలమొకటి కలదు. 1942నుండి 1945 వఱకు మలయా జపాను సైన్యపు చేతిలో నుండెను. సయాము బర్మా దేశముల నడుమ 415 కిలోమీటర్ల రైలుమార్గము వేయుటకు వారికి కూలీలు కావలసివచ్చిరి. మంచి జీతము, కొలది నెలలలో తిరిగిరాక యని చెప్పి తోటలనుండి జనులను పిలిచిరి. ఆ మాటకు వచ్చువారు చాలనప్పుడు ఉచితముగా సినిమా చూపుదుమని ప్రకటించి, జనులు లోపల కూర్చుండిన పిదప తలుపులు మూసి, పురుషులను రైలుపెట్టెలలో ఎక్కించిరని ఆ కాలపువారు చెప్పిన సాక్ష్యములు కలవు. తమిళులు, తెలుగులు, మలయులు కలిసి డెబ్బదివేలకు పైగా మలయానుండి పోయిరి. ఆకలిచేతను, కలరాచేతను, మలేరియాచేతను వేలకొలదిగా చనిపోయిరి. 1943 అక్టోబరులో మార్గము పూర్తియైనది. కాంచనబురిలో దాదాపు ఏడువేల సైనికులకు సమాధులు వరుసలుగా నున్నవి. కూలీలకు అట్టి రాళ్లు లేవు. తోటలలో ఎన్నో యిండ్ల ముంగిట దీపము పెట్టి భార్యలు చాలకాలము ఎదురుచూచిరి.

ఇది గడచిపోయిన కథయని యెంచవద్దు. 2024లో విశాఖపట్టణపు ప్రాంతమునుండి యువకులను కంప్యూటరు ఉద్యోగమని చెప్పి కంబోడియాకు తీసికొనిపోయి, అక్కడ బంధించి, ఫోనులమీద జనులను మోసగించు పని చేయించిరని పోలీసులు కనుగొని దళారులను పట్టుకొనిరి. పూర్వులు బయలుదేరిన ఆ తీరమే, మాట మాత్రము మాఱినది. కంగాణి ఊరి అరుగుమీద కూర్చుండి చెప్పెను; దళారి ఫోనులో చెప్పెను.

అందుచేత ప్రయాణములు మానవలెనా? మానరాదు. కదలని కాలు లోకమును ఎఱుగదు. సముద్రము దాటిన ధైర్యముగలవారి సంతతికి భయము తగదు. అయితే బండి యెక్కకముందు నాలుగు ప్రశ్నలడుగుట ధైర్యమునకు లోటు కాదు. టిక్కెట్టు రూకలు ఎవరు పెట్టుచున్నారు? దిగు చోటు పేరేమి? పాస్‌పోర్టు ఎవరి చేతిలో నుండును? ఇష్టము లేనియెడల తిరిగివచ్చుట యెట్లు? వీనికి స్పష్టమైన జవాబు లేనిచోట ఉచితమను మాట ఎంత తీయగా నున్నను, ఇంటనే యుండుట మేలు.

రబ్బరు చెట్లు పోయి తాటినూనె చెట్లు వచ్చినవి. లైను ఇండ్లు పోయి అనేక కుటుంబములు పట్నములు చేరినవి. వృద్ధులు ఇంకను కొందఱు మిగిలియున్నారు. వచ్చు ఆదివారము ఎక్కడికిని పోవుటకు వీలుపడనియెడల, వారియొద్ద కూర్చుండి, ఏ ఊరినుండి, ఏ యోడమీద, ఏ తోటకు వచ్చిరో అడుగుడు. రైలుమార్గమునకు పోయి రాని తాత పేరు, తండ్రి పేరు, తోట పేరు ఒక కాగితముమీద తెలుగున వ్రాసి పెట్టెలో దాచుడు. అట్టివారికి రాతిమీద పేరు లేదు గనుక, ఇంట నొక కాగితమైనను ఉండవలెను.