మొలతాడు కూసింది

శ్రావణ శనివారం నాటికి పిట్స్‌బర్గ్ వెంకన్న గుళ్లో ఉండాలని మా ఆవిడ పట్టు. టెక్సాస్‌లో అబ్బాయి ఇంటి నుంచి ముగ్గురం తెల్లవారకముందే బయల్దేరాం.

విమానాశ్రయం సోదాలో నా భయమంతా ఆవిడ గురించే. మెడలో నల్లపూసలు, చేతులకు గాజులు, కాళ్లకు మెట్టెలు, కుచ్చిళ్లకు పిన్నీసులు. పైగా చీర. 2010 డిసెంబరులో మిసిసిపీలోని జాక్సన్ విమానాశ్రయంలో మన రాయబారి మీరా శంకర్ చీరలో వెళ్తే, పక్కకు పిలిచి ఒళ్లు తడిమి చూశారని పేపర్లన్నీ రాశాయి. రాయబారికే తప్పనిది మాకు తప్పుతుందా?

2025 జూలైలో బూట్లు విప్పే తంతు ఎత్తేశారు కాబట్టి వరుస చకచకా కదిలింది. మా ఆవిడ గడప దాటినట్టు కుడికాలు ముందుపెట్టి మెటల్ డిటెక్టర్ గుమ్మం దాటింది. చప్పుడు లేదు. వెనకే నేను. కుయ్‌మంది!

బెల్టు తీశాను. వాచీ తీశాను. మళ్లీ కుయ్. అప్పుడు తట్టింది, నడుముకున్న వెండి మొలతాడు.

ముప్పై ఏళ్లు హైస్కూల్లో భౌతికశాస్త్రం చెప్పినవాణ్ణి. వెండిని అయస్కాంతం లాగదుగా అన్న ధీమాతో దాని సంగతే మరిచాను. ఆ గుమ్మం లాగదు. అందులోని తీగచుట్టలు అయస్కాంత క్షేత్రాన్ని పుట్టిస్తూ, ఆపేస్తూ ఉంటాయి. ఆ మార్పుకి దగ్గర్లోని లోహంలో కరెంటు పుడుతుంది, ఆ జాడను గుమ్మం పసిగడుతుంది. లోహాలన్నిటిలోకీ కరెంటు బాగా పారేది వెండిలోనే. నాదేమో నడుం చుట్టూ తిరిగిన నిండు వలయం! ఫారడే పాఠం చెబుతూ బోర్డు మీద ఎన్ని వందలసార్లు గీశానో దాన్ని.

ఇంకో యంత్రంలో చేతులెత్తి నిలబెట్టారు. తెర మీద బొమ్మ మనిషికి నడుం దగ్గర పసుపుపచ్చ గడి వెలిగింది.

“అక్కడేముంది సార్?” అన్నాడు అధికారి, మర్యాదగానే.

మొలతాడుని ఇంగ్లిషులో ఏమంటారు? “సిల్వర్ థ్రెడ్” అన్నాను. అతనికి అర్థం కాలేదు. మావాడు అందుకుని “రెలిజియస్” అన్నాడు. వాడు ఇంజనీరింగులో చేరగానే తనది తీసి పారేశాడు, అది వేరే సంగతి. మతమో కాదో నాకు తెలీదు. ఇరవై ఒకటో రోజున మా అమ్మ నల్లతాడు కట్టింది, ఊహ తెలిశాక వెండిది చేయించింది. అమెరికాలో ప్రయాణికులందరినీ సోదా చెయ్యడం 1973 జనవరిలో మొదలైంది. అప్పటికి నేను హైస్కూలు పిల్లాణ్ణి, నడుముకి వెండి మొలతాడుంది.

చెప్పి మరీ, గ్లౌజు వేసుకున్న చేతి వెనక వైపుతో తడిమి పంపేశాడు. అవతల మా ఆవిడ గాజులు సవరించుకుంటూ నవ్వుతోంది.

పెన్ హిల్స్ గుట్ట మీద తెల్లటి గోపురం కనపడ్డాక ఇదంతా మరిచాను. దర్శనం బాగా జరిగింది, పులిహోర ఇంకా బాగుంది.

తిరుగు ప్రయాణంలో విమానాశ్రయం బాత్రూము ముందు ఆవిడ సంచిలోంచి ఎర్రటి నూలుతాడు తీసింది.

“ఏమండీ, ముందు ఇది కట్టుకుని, తర్వాత అది విప్పండి. మొల బోసిగా ఉండకూడదనేవారు అత్తయ్యగారు.”

ఆ వరసలోనే చేశాను. వెండిది జేబురుమాల్లో చుట్టి, ట్రేలో చిల్లర పక్కన పెట్టాను.