ఏ మడి వదిలేయాలో బాపు చెప్పిండు

2023 నవంబర్ 26, ఆదివారం. హైదరాబాద్‌లో క్యాట్ రాసి బయటికి రాగానే నేను చేసిన మొదటి పని ఏంటో తెలుసా? క్యాబ్‌లో కూర్చుని ఆఫీసు మెయిల్ చూసుకోవడం. ఆ రాత్రి మా టీమ్‌కి రిలీజ్ ఉంది. పరీక్ష ఎలా రాశానో ఆలోచించుకునే తీరిక కూడా లేదు. డిసెంబర్‌లో ఫలితం వచ్చింది. 71 పర్సంటైల్. ఫోన్ పక్కన పెట్టేసి, ఎవరికీ చెప్పకుండా స్టాండప్ కాల్‌లో జాయిన్ అయ్యాను.

మాది కామారెడ్డి జిల్లా బాన్సువాడ. బాపుది నాలుగెకరాల వరి వ్యవసాయం. నేను హైదరాబాద్‌లో ఇంజినీరింగ్ చదివి, అక్కడే సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరాను. జీతం బాగానే వస్తుంది. మరి ఎంబీఏ ఎందుకని అందరూ అడిగేవాళ్లు. ఓసారి మా టీమ్ ఆరు నెలలు కష్టపడి కట్టిన ప్రాజెక్టును పావుగంట కాల్‌లో పక్కన పెట్టేశారు. ఆ నిర్ణయం తీసుకున్న చోట మా వాళ్లు ఒక్కరూ లేరు. ఏం కట్టాలో చెబితే కట్టడం వచ్చు నాకు. ఎందుకు కట్టాలో మాట్లాడే చోట కూడా ఉండాలనిపించింది. అంతే.

అమ్మకి మాత్రం ఈ లెక్క నచ్చలేదు. "ఇరవై ఏడు దగ్గరికొస్తున్నయ్. సంబంధాలు చూడాల్సిన టైమ్‌ల మళ్ల పుస్తకాలా?" అనేది.

మొదటిసారి నేను చేసిన తప్పులు చాలామంది ఉద్యోగులు చేసేవే. రాత్రి పదిన్నరకి లాగౌట్ అయ్యి, ఒంటిగంట దాకా వీడియోలు చూసేదాన్ని. సార్ బోర్డు మీద లెక్క చేస్తుంటే అంతా అర్థమైనట్టే ఉండేది. నేను చేస్తే వచ్చేది కాదు. ఏడాది మొత్తంలో రాసిన మాక్ టెస్టులు నాలుగే.

క్యాట్ తెలియనివాళ్లకి రెండు ముక్కలు చెప్తాను. పరీక్ష రెండు గంటలు. ఇంగ్లిష్, డేటా-లాజిక్, లెక్కలు అని మూడు సెక్షన్లు, ఒక్కోదానికి 40 నిమిషాలు. ఒకదాంట్లో మిగిలిన టైమ్ ఇంకోదాంట్లో వాడుకోలేం. సరైన జవాబుకి 3 మార్కులు. ఆప్షన్లున్న ప్రశ్న తప్పయితే 1 మార్కు కోత. జవాబు టైప్ చేసే ప్రశ్నలకి కోత ఉండదు. పర్సంటైల్ అంటే మార్కుల శాతం కాదు, రాసినవాళ్లలో మన వెనక ఎంత శాతం మంది ఉన్నారనే లెక్క.

2023లో డేటా-లాజిక్ సెక్షన్‌లో మొదటి సెట్ మీదే నాకు 22 నిమిషాలు పోయాయి. పదో నిమిషానికే అది తెమలదని అర్థమైంది. కానీ అప్పటికే పది నిమిషాలు పెట్టాను కదా, ఎలా వదలడం?

ఆ సంక్రాంతికి జేబీఎస్‌లో బస్సెక్కి ఇంటికి పోయాను. యాసంగి నాట్లు నడుస్తున్నాయి. మాది నిజాంసాగర్ ఆయకట్టే. మంజీర మీద 1931లో కట్టడం పూర్తయిన ప్రాజెక్టు అది. కానీ మా పొలం కాలువ చివర ఉంటుంది. నీళ్లు మా దాకా వచ్చేసరికి సన్నబడతాయి. బోరు కూడా అంతంతే. ఒడ్డు మీద నిలబడి చూస్తే, దున్నకుండా వదిలేసిన మడి ఒకటి కనిపించింది.

"ఇదెందుకు నాటుతలేవు బాపూ?"

"నీళ్లు సరిపోవు బిడ్డా. అన్నీ నాటితే అన్నీ ఎండుతయ్. ఒకటి ఇడిసిపెడితే మిగిలినయి పండుతయ్."

"వదిలేస్తుంటే బాధ కాదా?"

"బాధనే. అందుకే నాటకముందే అనుకోవాలె. నాటినంక ఇడిసిపెడితే నారు బాయె, కూలి బాయె."

బాపుకి క్యాట్ అంటే ఏంటో తెలియదు. కానీ నా 22 నిమిషాల జబ్బుకి మందు మాత్రం కరెక్టుగా చెప్పాడు.

హైదరాబాద్ వచ్చాక పద్ధతి మార్చాను. రాత్రి చదువు బంద్. పొద్దున 5:15 నుంచి 6:45 వరకు, ఫోన్ వేరే గదిలో. మెట్రోలో రోజుకో పెద్ద ఇంగ్లిష్ వ్యాసం. ఆదివారం పొద్దున మాక్, సాయంత్రం దాని పోస్టుమార్టం. తప్పుల కోసం ఒక నోట్‌బుక్ పెట్టి మూడు గళ్లు గీశాను: తెలియక పోయినవి, తొందరలో పోయినవి, వదలాల్సింది వదల్లేక పోయినవి. మూడో గడి మిగతా రెండింటికంటే ముందే నిండింది. అప్పటి నుంచి డేటా-లాజిక్‌లో మొదటి ఐదు నిమిషాలు పెన్ను ముట్టుకోలేదు. అన్ని సెట్లూ చదివి, ఏవి వదలాలో ముందే అనుకోవడమే పని.

అసలు కష్టమైంది ఆఫీసులో వదలడం. ఆగస్టులో ఒక పెద్ద ప్రాజెక్టుకి లీడ్‌గా ఉండమన్నారు. చేస్తే ప్రమోషన్ దాదాపు ఖాయం. రెండు రాత్రులు నిద్రపట్టలేదు. చివరికి మేనేజర్‌కి పరీక్ష సంగతి దాచకుండా చెప్పేశాను. ప్రాజెక్టు వేరేవాళ్లకి వెళ్లింది, ప్రమోషన్ కూడా. పరీక్షకి ముందు వారం మాత్రం సెలవు దొరికింది.

సరిగ్గా ఆ వారమే మా వడ్లు కొనుగోలు కేంద్రంలో ఉన్నాయి. ఎప్పుడూ ఆ టైమ్‌కి నేను ఇంట్లో ఉండేదాన్ని. రమ్మంటావా అని ఫోన్ చేస్తే బాపు నవ్వాడు. "నువ్వొచ్చి ఏం జేస్తవ్? కుప్ప పక్కన కూసోని ఫోన్ చూస్తవ్. తూకం నేను చూసుకుంట."

2024 నవంబర్ 24న మళ్లీ రాశాను. మొత్తం 68 ప్రశ్నలు. నేను పెట్టినవి 37, వదిలినవి 31. వచ్చింది 94 పర్సంటైల్. గొప్పగా చెప్పుకునే నంబరేం కాదు. రాసినవాళ్లు దాదాపు 2.93 లక్షల మంది కాబట్టి, నా ముందు ఇంకా 17 వేల మందికి పైగా ఉన్నట్టు. కలలుగన్న కాలేజీల నుంచి పిలుపు రాలేదు. రెండు చోట్ల ఇంటర్వ్యూకి పిలిచారు, ఒక చోట సీటొచ్చింది.

ఫీజు నా ఏడాది జీతం కంటే ఎక్కువ. లోన్ తీసుకోవాలి. రెండేళ్లు జీతం ఉండదు. ఎక్సెల్ షీట్‌లో అన్నీ వేసుకుని, మొన్న ఇంటికెళ్లి బాపు ముందు పెట్టాను. ఆయన షీటు వైపు చూడలేదు.

"నెల జీతం ఇడిసిపెడుతున్నవ్. ముందే అనుకున్నవా, నాటినంక అనుకుంటున్నవా?"

"ముందే అనుకున్న బాపూ."

"అయితే పో" అన్నాడు. అమ్మ మాత్రం ఇంకా ఏమీ అనలేదు. కానీ నేను తిరిగొచ్చేటప్పుడు బ్యాగులో సకినాల డబ్బా పెడుతూ, ఆ హాస్టల్‌లో అన్నం పెడతారో లేదో కనుక్కోమంది.