వగరుకు పేరుపడ్డ ఊరు

మోంటెఫాల్కోలో వైన్ రుచి చూడాలని వచ్చినవాళ్లు ముందు సాన్ ఫ్రాంచెస్కో చర్చికి వెళ్లడం మంచిది. ఇప్పుడది మ్యూజియం. గర్భాలయం గోడల నిండా బెనోత్సో గోత్సోలి 1452లో గీసిన ఫ్రాన్సిస్ మహనీయుడి జీవితం. ఒక చిత్రంలో ఆయన పక్షులకు బోధిస్తుంటాడు, ఆ పక్కనే మోకరిల్లిన ఈ ఊరివాళ్లను దీవిస్తుంటాడు. యాత్రికులంతా అక్కడే ఆగిపోతారు. నాకు మాత్రం మెట్లు దిగాక కనిపించిన నేలమాళిగ మీద మనసు నిలిచింది. సన్యాసులు ద్రాక్షను తొక్కి, పులియబెట్టి, పీపాల్లో దాచుకున్న గదులవి. పైన పూజ, కింద వైన్. ఒకటి పవిత్రం, రెండోది కాదు అనుకునే అలవాటు ఇక్కడివాళ్లకు ఎప్పుడూ ఉన్నట్టు లేదు.

ఉంబ్రియాకు సముద్రం లేదు. ఉన్నవన్నీ గుట్టలు, ఒక్కో గుట్ట మీద ఒక్కో ఊరు. 470 మీటర్ల ఎత్తున ఉన్న మోంటెఫాల్కోను ‘ఉంబ్రియా పిట్టగోడ’ అంటారు. ప్రాకారం దగ్గర నిలబడితే అటు అసీసి, స్పెల్లో, ఇటు ట్రేవి, మధ్యలో లోయ అంతా పరుచుకుని కనిపిస్తుంది. నవంబరు మొదటివారం కావడంతో తోటల ఆకులు ఎర్రబారాయి. ఆలివ్ చెట్ల కింద వలలు పరిచి కాయలు దులుపుతున్నారు. మా స్నేహితుడి కూతురు పెరూజాలో చదువుకుంటోంది. కారు తనే నడిపింది. “మీరు తాగండి బాబాయ్, నేను వాసన చూస్తా” అంది. కూతురి వయసు పిల్లను పక్కన పెట్టుకుని పొద్దున్నే గ్లాసు పట్టుకోవడం నాకే ఇబ్బందిగా ఉంది. తను మాత్రం ఇటలీలో ఎప్పుడో కుదురుకుపోయింది.

ఈ ఊరి ద్రాక్ష పేరు సగ్రాంతీనో. మోంటెఫాల్కో, దాని చుట్టుపక్కల నాలుగైదు ఊళ్లు దాటితే ఈ తీగ కనిపించడం అరుదు. చిన్న గింజలు, మందపు తోలు. పంట ఆలస్యం, అక్టోబరులో గానీ కోతకు రాదు. ఎర్ర ద్రాక్షల్లో టానిన్లు అత్యధికంగా ఉండే రకాల్లో ఇదొకటి. టానిన్ అంటే వైన్‌కు వగరునిచ్చే పదార్థం. తోలులోనూ గింజలోనూ ఉంటుంది.

ముందే ఫోన్ చేసి చెప్పి వెళ్లిన మొదటి వైనరీ ఒక కుటుంబానిది. ఇంటావిడే తిప్పి చూపించింది. మూడేళ్లు దాటిన సగ్రాంతీనో పోసి, ఏమీ చెప్పకుండా మా మొహాలు చూస్తూ నిలబడింది. నోట్లో పోసుకోగానే నల్లటి పళ్ల రుచి. ఆ వెనకే చిగుళ్లు బిగుసుకున్నాయి, నాలుక అంగిటికి అతుక్కుంది. చిన్నప్పుడు పండీపండని నేరేడు కాయలు దోసెడు తిన్నాక పట్టే బిగుతే ఇది. నేను మొహం చిట్లించడం చూసి, ఇందుకే ఎదురుచూస్తున్నట్టు నవ్వింది. ముదిరిన గొర్రెపాల పెకొరీనో ముక్క, ఉప్పు వేయని ఇక్కడి రొట్టె ముందు పెట్టింది. చీజ్ నమిలి మళ్లీ గుటక వేస్తే అదే వైన్ మెత్తబడింది. టానిన్లు లాలాజలంలోని ప్రొటీన్లను పట్టేసుకుంటాయి. నోటికి ఉండే జారుడుతనం పోతుంది, దాన్నే మనం వగరంటాం. చీజ్‌లో వాటికి వేరే ప్రొటీన్, కొవ్వు దొరుకుతాయి కాబట్టి మన నాలుకను వదిలేస్తాయి. ఈ వైన్‌ను ఖాళీ కడుపుతో, ఖాళీ పళ్లెంతో తాగకూడదు. వేటమాంసం తినేవాళ్ల ఊళ్లో పుట్టింది మరి.

అయితే ఇంత వగరును శతాబ్దాల పాటు ఊరివాళ్లు నేరుగా తాగలేదు. గెలలను చాపల మీద ఆరబెట్టి, నీరు ఇంకి తీపి చిక్కబడ్డాక పిండి, పసీతో అనే తియ్యటి వైన్ చేసుకునేవాళ్లు. ఈస్టర్ నాడు గొర్రెపిల్ల మాంసంతో దాన్ని తాగేవాళ్లు. 1960ల నాటికి తోటలు దాదాపు కనుమరుగయ్యాయి. తీపి లేని సగ్రాంతీనోను గట్టిగా పట్టుకున్నది 1970ల నుంచే. బట్టల వ్యాపారి అర్నాల్దో కప్రాయ్ 1971లో ఇక్కడ తోట కొన్నాడు. కొడుకు మార్కో మిలాన్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలను తెచ్చి, తీగ ఎలా నాటాలి, ఈ టానిన్‌ను ఎలా లొంగదీయాలి అన్నదాని మీద ఏళ్ల తరబడి పని చేయించాడు. 1992లో ఇటలీ వైన్లకిచ్చే అత్యున్నత గుర్తింపు డీఓసీజీ వచ్చింది. నూరు శాతం సగ్రాంతీనోయే ఉండాలి, 37 నెలలు నిండాకే అమ్మాలి, అందులో కనీసం 12 నెలలు చెక్క పీపాల్లో ఉండాలి అన్నది నిబంధన.

మధ్యాహ్నం బెవాన్యా వైపు ఉన్న కాస్తెల్‌బువోనో అనే వైనరీ చూశాం. శిల్పి అర్నాల్దో పొమొదోరో రూపమిచ్చిన రాగి గుమ్మటం, తాబేలు డిప్పలా తోటల మధ్య ఉబ్బి ఉంటుంది. 2012లో తెరిచారు. అమ్మాయి బోలెడు ఫొటోలు తీసింది. కట్టడం గొప్పదే, కానీ నాకు గుర్తున్నది పొద్దుటి ఇల్లే. అందుకే సాయంత్రం మళ్లీ అక్కడికే తీసుకెళ్లమన్నాను.

ఈసారి ఆవిడ పైఅంతస్తులో గెలలు ఆరబెట్టిన గది తెరిచింది. కిటికీలన్నీ బార్లా తెరిచి ఉన్నాయి, బూజు పట్టకుండా గాలి ఆడాలి. కనీసం రెండు నెలలు అలా ఉంచుతారట. పాడైన గింజను చూసినప్పుడల్లా మాట ఆపకుండానే గిల్లి పారేస్తోంది. తర్వాత చిన్న గ్లాసుల్లో పసీతో పోసింది. డ్రైవింగ్ మాట పక్కనపెట్టి అమ్మాయి కూడా నాలుక తడుపుకొంది. పంచదార పాకంలా ఉంటుందనుకున్నాను, కాదు. తీపి మొదట వస్తుంది, వగరు వెనకనుంచి వచ్చి దాన్ని తుడిచేస్తుంది. రెండో గుటకకు నోరు సిద్ధమైపోతుంది. “ఇదే బాగుంది బాబాయ్” అంది అమ్మాయి. నా ఓటు మాత్రం ఇంకా పొద్దుటి దానికే.

కింద పీపాల గదిలో 225 లీటర్ల చిన్నవీ, మనిషిని మించిన ఎత్తువీ రెండూ ఉన్నాయి. కొత్త చిన్నపీపాలో చెక్కవాసన ద్రాక్ష మీద స్వారీ చేస్తుంది. పెద్దదాంట్లో ద్రాక్షే మాట్లాడుతుంది. నాకు పెద్దదే నచ్చింది, ఆవిడ కొడుక్కి చిన్నదట. ఈమధ్య కొందరు తోలుతో నానబెట్టే రోజులు తగ్గించి, త్వరగా తాగగలిగే మెత్తని సగ్రాంతీనో చేస్తున్నారు కదా, మీరెందుకు చేయరని అమ్మాయి చేత ఇటాలియన్‌లో అడిగించాను. ఆవిడ అరలో ఉన్న మోంటెఫాల్కో రోస్సో సీసా చూపించింది. అందులో ఎక్కువ పాలు సాంజోవేజే, సగ్రాంతీనో కొద్దిగానే కలుస్తుంది. “తొందర ఉన్నవాళ్లకు అది చేస్తూనే ఉన్నాం” అంది.