పాట ముందా, అక్షరం ముందా?

అక్షరాలు రాని పిల్లలకు ఆదివారం తరగతిలో పాటలు నేర్పి ఏం లాభమని కొందరు అడుగుతున్నారు. అమెరికా సంగతొకటి చెబుతాం, వినండి.

అక్కడ బ్లూగ్రాస్ అని ఒక సంగీతం ఉంది. కెంటకీకి చెందిన బిల్ మన్రో తన బృందానికి పెట్టుకున్న పేరే దానికీ నిలిచింది. 1945 చివర్లో ఎర్ల్ స్క్రగ్స్ మూడు వేళ్ళతో బాంజో మీటుతూ చేరాక దానికి ఆ వేగం వచ్చింది. ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చినవాళ్ళ బాంజో, స్కాట్లండ్, ఐర్లండ్ వలసవాళ్ళ ఫిడేలు పాటలు అందులో కలిశాయి. అంతా ఊరు వదిలినవాళ్ళ సొత్తే, మనలాగ!

2000లో నార్త్ కరోలినా అలిఘనీ కౌంటీలో హెలెన్ వైట్ అనే ఆవిడ, బడి కౌన్సిలరు, ఈ కొండ ప్రాంతపు సంగీతాన్ని బడిపిల్లలకు నేర్పడం మొదలుపెట్టారు. బడి వదిలాక తరగతి. నొటేషన్ కోసం ఆగరు. గురువు ఒక ముక్క వాయిస్తే పిల్లలు విని పట్టుకుంటారు. బ్లూగ్రాస్‌లో మాకు నచ్చింది ఇంకొకటి: ఒకరు ముందుకొచ్చి వాయిస్తుంటే మిగతావాళ్ళు శబ్దం తగ్గించి ఆసరాగా ఉంటారు. మన మీటింగుల్లో ఇది కష్టం.

మేం తమిళ మీడియంలో చదివినవాళ్ళం. అవ్వ పాడిన గొబ్బిపాటలు చెవితోనే వచ్చాయి, తెలుగు అక్షరాలు రైల్వే ఉద్యోగం ముగిశాక. ఇప్పుడు మా వీధిలో ఆ పాటలు మొత్తం తెలిసిన అవ్వలు ఇద్దరే. వచ్చే ఆదివారం వాళ్ళను తరగతికి పిలుచుకొస్తాం. పిల్లలను పంపండి.