చాటలో అక్షరములు

అక్షరాభ్యాసమునాడు పళ్ళెములోని బియ్యముపై బిడ్డ వ్రేలు పట్టి వ్రాయింతుము. ఆ మఱునాటినుండియే పలకయు బలపమును చేతికిచ్చి, ‘అ’ దిద్దుమని కూర్చుండబెట్టు తల్లులు మనలో పెక్కండ్రు కలరు. మూడేండ్ల బిడ్డ వ్రేళ్ళకు ఆ వంకరలు త్రిప్పు బలము చాలదు. రెండు దినములు దిద్దును. మూడవనాడు పలకను చూచి మంచము క్రింద దూరును. అంతట ఇంటివారు ‘వీనికి చదువబ్బదు’ అని తీర్పు చెప్పివేయుదురు. చేయి సిద్ధపడుటకు ముందే చెవి సిద్ధపడునను సంగతిని వారు తలపరు. ఈ వయస్సున బిడ్డకు ముందుగా కావలసినది అక్షరపు రూపు కాదు. ఒక మాట ఏ ధ్వనితో మొదలగుచున్నదో విని పట్టుకొనుట. దానికి పలక అక్కఱలేదు, సెల్‌ఫోను అంతకంటె అక్కఱలేదు. ఒక చాట చాలును.

మా యింట మనుమలచేత ఆడించు ఆట ఇది. చాటలో ఒక గరిటె, ఒక గవ్వ, ఒక గంట, ఒక మల్లెపూవు, ఒక మట్టిముంత, ఒక మరచెంబు ఉంచుదుము. ముందుగా ఒక్కొక్క వస్తువును చేతికిచ్చి దాని పేరు బిడ్డచేతనే పలికింతుము. పేరు తెలియని వస్తువుతో ఆట సాగదు. పిదప ‘గ’ తో మొదలగువానిని నాయనమ్మ ఒడిలో వేయుమందుము. ‘మ’ తో మొదలగునవి తాతగారికి. తాతగారి ఒడిలో గరిటె పడినచో తప్పని చెప్పము. ‘గరిటె’ అని మొదటి అక్షరమును కొంచెము నిలిపి పలుకుదుము. బిడ్డయే నవ్వి, తీసి ఇటు వేయును. మొదట రెండు ధ్వనులే చాలును, అవియు ఒకదానికొకటి దూరమైనవి కావలెను. ‘క’ను ‘గ’ను, ‘ప’ను ‘బ’ను తొలిదినమే ప్రక్కప్రక్కన పెట్టుట బిడ్డను బాధించుటయే.

ఇంగ్లీషు అక్షరములకంటె మన అక్షరములకొక సౌలభ్యము కలదు. వారి అక్షరమునకు పేరొకటి, ధ్వని యొకటి. ‘డబ్ల్యూ’ అను పేరులో ఆ యక్షరపు ధ్వనియే వినబడదు. మన ‘గ’కు పేరును ధ్వనియు ఒక్కటే. అయినను మనకొక చిక్కు కలదు. దానిని ఎక్కువమంది గమనింపరు. ‘మ’ నేర్చిన బిడ్డకు పోపులపెట్టె చూపి, మిరియములు, మెంతులు, మినుములు అన్నియు ‘మ’యే కదా యందుము. బిడ్డ చెవికి వినబడినది ‘మి’, ‘మె’; ‘మ’ కాదు. వాడు తెల్లబోయినచో తప్పు వానిది కాదు. కనుక తలకట్టు మాటలతోనే కొన్ని నెలలు గడుపుట మంచిది: పలక, పసుపు, పప్పు, కవ్వము, కంచము, కడవ. ఇవి దొరకని ఇల్లుండదు. గుణింతపు మాటల వంతు తరువాత వచ్చును. ఇక ఙ, ఞ, ణ, ళ లతో మొదలగు తెలుగుమాట ఇంట వెదకినను దొరకదు. అందుచేతనే పటములలో ‘ణ’ దగ్గఱ వీణను వ్రాయుదురు. ఆ నాలుగింటిని ఈ ఆటలోనికి తేకుండుటయే మేలు.

బిడ్డ చెవి మన పుస్తకముకంటె నమ్మకమైనది. మా చిన్నమనుమరాలు ఏనుగుబొమ్మను ‘య’ కుప్పలో పెట్టినది. ఇంటిలో అందఱును ‘యేనుగు’ అనియే కదా పలుకుచున్నాము! ‘వుప్పు’ సంగతియు అంతే. వినినదానిని వినినట్లు పెట్టిన బిడ్డను మెచ్చుకొనవలయును. వ్రాతలో భేదమున్నదని చెప్పుటకు ఇంకను కాలమున్నది. చల్లకుండను, రథచక్రమును ఒకచోట పెట్టననిన బిడ్డయు తెలివిగలదియే. ఆ రెండు ‘చ’లు ఒక్క ధ్వని కావని మన పెద్దలు ‘ౘ’ అను వేఱు గుర్తునే పెట్టిరి. అట్లే కోస్తావారి బంగాళాదుంప తెలంగాణమున ఆలుగడ్డ, రాయలసీమలో ఉర్లగడ్డ. అచ్చుపటము ఏమి చెప్పినను మీ ఇంటి మాటతోనే ఆడించుడు.

వినుట కుదిరిన పిమ్మట రూపు చూపవచ్చును. మేరియా మాంటిసోరి విదుషీమణి 1907లో రోమునగరమున తెఱచిన బాలగృహములో గరుకుకాగితముతో అక్షరములు కత్తిరించి అట్టలకంటించి, బిడ్డ వ్రేలితో తడుముచుండగా దాని పేరు కాక ధ్వనినే పలికించు పద్ధతి నెలకొల్పిరి. ఆమె 1939లో మద్రాసు అడయారునకు వచ్చి, ఇచ్చటి ఉపాధ్యాయులకును ఆ విధానమును బోధించిరి. మనము పాత శుభలేఖల అట్టలపై పిండితో చేసిన బంకతో అక్షరము వ్రాసి, తడి ఆరకముందే ఇసుక చల్లినచో ఆ పని ఏ ఖర్చును లేక జరుగును.

ఈ ఆటవలన మేము ఊహింపని ప్రయోజనమొకటి కనబడినది. మా ప్రక్కయింటి నాలుగేండ్ల బాలిక మా పిల్లలతో ఆడుటకు వచ్చెడిది. ఎదుట కూర్చుండి చెప్పినప్పుడు అన్నియు సరిగా తెచ్చెడిది. మేము వెనుకనుండి అడిగినప్పుడు చేతికందినదెల్ల తెచ్చెడిది. అది వినుట లేదు, మన పెదవులు చూచుచున్నదని మాకు తోచినది. అప్పటికే ఆమె చదువు పంతులమ్మ ‘మందబుద్ధి’ అని ఇంటికి వ్రాసి పంపియుండెను. తల్లి కన్నీరు పెట్టుకొనుచుండగా చెవివైద్యుని కడకు పంపితిమి. కర్ణభేరి వెనుక నీరు నిలిచినదని ఆయన చెప్పెను. జలుబు చేసిన పిదప చిన్నబిడ్డలకు ఇది తఱచుగా కలుగునదే. చాలవఱకు కొన్ని వారములలో తానే తగ్గును. మూడు నెలలు దాటినను తగ్గనిచో చికిత్స కావలయును. ఆ పిల్లకు చికిత్స జరిగినది. ఇప్పుడు వెనుకనుండి గుసగుసగా పిలిచినను పలుకుచున్నది. పంతులమ్మ మాత్రము తన మాటను వెనుకకు తీసికొన్నట్లు మేము వినలేదు. కావున వారమునకొకమాఱైన బిడ్డ వెనుక నిలిచి ఈ ఆట ఆడుడు. ‘రాముడు’ను ‘లాముడు’ అను పిల్ల సంగతి వేఱు. అది నాలుక ముదురకపోవుట, చెవి లోపము కాదు. దానిని వెక్కిరింపవలదు.

ఒక జాగ్రత్త. చింతపిక్కలు, బఠాణీలు, పూసలు చాటలో పెట్టకుడు. ముక్కులోనో చెవిలోనో దూర్చుకొనుట ఈ వయస్సు పిల్లలకు క్షణములో పని, గొంతున పడినచో ప్రాణాపాయము. ఆట ముగియువఱకు పెద్దవారొకరు దగ్గఱ నుండవలయును.

రాత్రి విద్యుద్దీపములు పోయినప్పుడు వస్తువులు లేకయే ఈ ఆట నడచును. చీకటిలో ప్రక్కమీద పడుకొని, ‘కమల’, ‘కడవ’, ‘పలక’ అని మూడు మాటలు చెప్పి, వీనిలో వేఱైనదేదని అడుగుదుము. ఒక్కొక్కరికి ఒక్కొక్క వంతు. మా పిల్లలకు నాలుగు వంతులు దాటినవఱకు మెలకువ యుండదు; అయిదవ వంతు వచ్చుసరికి తాతగారొక్కరే జవాబు చెప్పుచుందురు.