పందుల దీవులు... పాముల పుట్టిల్లు!

పేరేమో పందుల దీవులు. పేరు తెచ్చిపెట్టిందేమో పాములు! మధ్య అమెరికాలోని హోండురాస్ దేశానికి ఉత్తరాన, కరీబియన్ సముద్రంలో ఉన్నాయి కాయోస్ కొచీనోస్. స్పానిష్‌లో ఆ మాటకు పందుల దీవులని అర్థం. అడవి కప్పుకున్న రెండు కొండ దీవులు, వాటి చుట్టూ విసిరేసినట్లు పదమూడు చిన్న పగడపు దిబ్బలు... అంతే. లా సైబా పట్టణానికి దగ్గర్లోని తీర గ్రామాల్లో పడవెక్కితే ఇక్కడికి చేరొచ్చు. కార్లుండవు, రోడ్లూ ఉండవు.

చచవాతే అనే దిబ్బ మీద గరీఫునా జాలర్ల గుడిసెలు కనిపిస్తాయి. ఆఫ్రికన్లూ కరీబియన్ ఆదివాసులూ కలిసి ఏర్పడిన జాతి వాళ్లది. 1797లో బ్రిటిష్‌వాళ్లు సెయింట్ విన్సెంట్ దీవి నుంచి వాళ్ల పూర్వీకుల్ని వెళ్లగొట్టి, ఈ సముద్రంలోనే ఉన్న రొవాటాన్ దీవిలో దింపేశారు. అలా పుట్టినచోటు వదిలి వచ్చినవాళ్ల పొరుగునే, పుట్టినచోటే ముప్పు వచ్చిపడిన మరో జీవి ఉంది. అదే గులాబీ బోవా!

అందమే శాపం

బోవాకి విషం ఉండదు. ఎరను చుట్టేసి చంపుతుంది. పెద్ద నేల మీది బోవాలు పది అడుగుల దాకా పెరిగితే, ఈ దీవుల్లోది సాధారణంగా ఆరడుగులు దాటదు. ఇసుకలో గులాబీ రంగు కలిపినట్లుండే ఒళ్లు, వేళను బట్టి కాస్త ముదురుతూ, తేలికవుతూ ఉంటుంది. సన్నగా, సాధువుగా ఉంటుంది. పాముల్ని పెంచుకునేవాళ్లకి ఇంతకన్నా ఏం కావాలి? 1970ల చివరి నుంచి 1990ల ఆరంభం దాకా వేల సంఖ్యలో వీటిని పట్టి విదేశాలకు పంపేశారు. అడుగడుక్కీ కనిపించిన పాము, వెతికినా దొరకని స్థితికొచ్చింది. అలా వెళ్లినవాటి సంతతే ఇప్పటికీ అమెరికా, యూరప్ ఇళ్లలో ‘హాగ్ ఐలాండ్ బోవా’ పేరుతో గాజుపెట్టెల్లో పెరుగుతోంది.

నెలలు నిండినా...

కొండచిలువ గుడ్లు పెడుతుంది. బోవా మాత్రం మన రక్తపింజరలా పిల్లల్నే కంటుంది. అందుకే ఇంట్లో బోవా కడుపుతో ఉంటే యజమానికి నిద్ర పట్టదు. జతకట్టిన రోజు నుంచి లెక్కేస్తే తప్పుతుంది. అండాలు విడుదలయ్యేది ఆ తర్వాతెప్పుడో. అవి విడుదలయ్యాక పాము ఓసారి కుబుసం విడుస్తుంది. అక్కణ్నుంచి దాదాపు 100 నుంచి 120 రోజులకు కాన్పు. అంతకుముందు విడిచిన కుబుసాన్ని పట్టుకుని లెక్కేస్తే, గడువు దాటిపోయిందని ఉత్తినే కంగారుపడాల్సి వస్తుంది.

లెక్క సరైనదే అయినా ఆలస్యం కావచ్చు. ముఖ్య కారణం... వేడి చాలకపోవడం. పాము ఒంట్లో సొంతంగా వేడి పుట్టదు. దీవిలో అయితే పొద్దున ఎండలోకీ, మధ్యాహ్నం ఆకుల చాటుకీ తనే జరుగుతుంది. గాజుపెట్టెలో ఆ వీలు మనిషి కల్పించాలి. ఒక పక్క 31, 32 డిగ్రీల వేడి, రెండోపక్క 26, 27 డిగ్రీల చల్లదనం, దాక్కోవడానికి ఓ చీకటి మూల, పక్కనే మంచినీళ్లు. అది తిండి మానేస్తే బలవంతపెట్టకూడదు. ఎత్తుకోవడం, పొట్ట తడిమి చూడటం అసలే కూడదు. పురిటికి పుట్టింటికి పంపలేం కాబట్టి, పుట్టింటినే పెట్టెలోకి తేవాలన్నమాట!

అన్నీ చేసినా గడువు బాగా దాటితే, పాము ముక్కుతున్నా పిల్ల రాకపోతే, కొన్ని పుట్టి మిగతావి లోపలే ఆగిపోతే, దుర్వాసనతో స్రావం కనిపిస్తే పాముల వైద్యం తెలిసిన డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిందే. ఎక్స్‌రే, అల్ట్రాసౌండ్‌లతో లోపలి సంగతి తెలుస్తుంది. పొట్ట నొక్కి పిల్లల్ని బయటికి తెద్దామనుకుంటే మాత్రం తల్లి ప్రాణానికే ముప్పు. అంతా సవ్యంగా జరిగితే పలచని పొరల్లో చుట్టుకుని పిల్లలు బయటికొస్తాయి. పొర చీల్చుకుని వాటంతటవే పాకుతాయి. తల్లి వాటికి మేత పెట్టదు. అప్పటికే అది నెలల తరబడి పస్తుండి చిక్కిపోయి ఉంటుంది.

తిరిగొచ్చిన బోవా

హోండురాస్ ప్రభుత్వం 1993లో ఈ దీవులకు రక్షణ కల్పించింది. తర్వాత పరిశోధకులు వచ్చి అడవిలో బోవాల్ని పట్టుకుని, కొలిచి, గుర్తులు పెట్టి వదిలేశారు. వాటి సంఖ్య మళ్లీ పుంజుకుందని తేల్చారు. అక్కడ వాటికి థర్మోస్టాట్ లేదు, లెక్కలు రాసే పుస్తకమూ లేదు. కొమ్మ మీద పడే ఎండే కాన్పు గడువు చూసుకుంటుంది.

ఈ కథ మనకీ దూరంది కాదు. మన చేలల్లో తిరిగే ‘రెండు తలల పాము’ కూడా బోవాల బంధువే. అదీ పిల్లల్నే కంటుంది. నిజానికి దానికి రెండు తలలుండవు, తోక మొద్దుగా ఉండి తలలా కనిపిస్తుందంతే. ఇంట్లో ఉంటే లంకెబిందెలు దొరుకుతాయన్న మూఢనమ్మకంతో దాన్ని లక్షలకు బేరం పెడుతున్నారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దాన్ని పట్టుకోవడం, అమ్మడం నేరం. ఎక్కడైనా కనిపిస్తే అటవీ శాఖకు చెబితే చాలు.

గాజుపెట్టెలో ఎంత శ్రద్ధగానైనా పురుడు పోయొచ్చు. పుట్టిల్లు మాత్రం ఒక్కటే!